వంద నిండని గుడ్లు

సెప్టెంబరు 3

బొమ్మ వచ్చింది. లారీలో నిలబెట్టి, నడుముకు తాళ్లు కట్టి, దొంగను పట్టుకొచ్చినట్టు తెచ్చారు. రేవు ముందు దించారు. మలేయో అట. మా రాష్ట్రానికి గుర్తుగా ఎప్పుడో ఎంచిన పక్షి అది. ఇప్పుడు మా కొత్త జిల్లాకూ అదే గుర్తు. మలేయోలు గుడ్లు పెట్టే ఇసుకతీరం మా తొలిబా ఊరిది కాబట్టి బొమ్మ మాకు దక్కింది. అంతవరకు బాగానే ఉంది. కానీ దాని తల మీద పుంజుకు ఉన్నట్టు ఎర్రటి తురాయి పెట్టారు!

బొమ్మ వెంట జిల్లా ఆఫీసు నుంచి అస్రుల్ గారు వచ్చారు. అక్కడే నిలదీశాను.

"సార్, ఇది కోడి."

"మలేయోనే తమ్ముడూ. కింద పేరు రాయిస్తాం కదా."

"పేరు రాస్తే కోడి మలేయో అయిపోతుందా? దాని నెత్తిన ఉండేది నల్లటి గట్టి బొడిపె. తురాయి కాదు. ఇది పక్షిని అవమానించడం, ప్రజలను అవమానించడం!"

డార్విస్ తన పడవలో కూచుని ఇంజను తుడుచుకుంటున్నాడు. నేను అన్నిటి మీదా కరపత్రాలు రాస్తానని వాడు పెట్టిన పేరుతో అక్కణ్ణుంచే అరిచాడు. "ఒరే కరపత్రం! ఇంతకీ నువ్వు మలేయోను దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశావట్రా?"

రేవు రేవంతా నవ్వింది.

నేను చూడలేదు. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయను. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను. గుడ్ల కాలంలో ఎవర్నీ తీరానికి పోనివ్వరు. కాలం దాటాక పోతే పక్షులు ఉండవు, గుంటలు మాత్రం ఉంటాయి. నాకు తెలిసిన మలేయో అంతా రాష్ట్ర రాజధాని పలూ బస్టాండులో కొన్న పదహారు పేజీల పుస్తకంలోది.

పోయేముందు అస్రుల్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇంత తెలిసినవాడివి, బొమ్మ పక్కన పెట్టే పలక నువ్వే రాయి. పక్షి గురించి, మీ ఆచారం గురించి. బుపాతి గారే వచ్చి ఆవిష్కరిస్తారు. జిల్లా మొత్తానికి పెద్ద ఆయనే. ఆయన కళ్లలో పడితే, ఆఫీసులో నీలాంటి కుర్రాడికి చోటు దొరక్కపోదు."

ఉద్యోగం కోసం ఒప్పుకోలేదు. నిజం రాయడం కోసం ఒప్పుకున్నాను.

సెప్టెంబరు 4

పలక మీద మొదటి వాక్యం: "ఈ పక్షిని రాష్ట్రానికి గుర్తుగా ఎంచారు." ఎవరు ఎంచారు? ఏం చూసి ఎంచారు? మా ఊళ్లో ఎవర్నైనా అడిగారా? పెద్దమ్మను అడిగాను. చేపలు తోముతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఒకాయన జీపులో వచ్చాడు. గుడ్డు తిన్నాడు. బాగుందన్నాడు. పోయాడు."

పలక మీద ఇది రాయలేను కదా.

సాయంత్రం కాఫీ కొట్టు దగ్గర ఇదే ప్రశ్న వేస్తే డార్విస్ అందుకున్నాడు. "దక్షిణం రాష్ట్రం వాళ్లది మరుగుజ్జు దున్న. ఉత్తరం వాళ్లది గుప్పెడంత జంతువు, మొహమంతా కళ్లే. దేశం మొత్తానికి చూస్తే, కరిస్తే మనిషి లేవని బల్లి. మనకేమో గుడ్డు పెట్టేసి, పిల్ల మొహమైనా చూడకుండా అడవిలోకి పోయే తల్లి. ఎంచినవాడెవడో గానీ మన సంగతి బాగా తెలిసినవాడే!"

కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఆపుకున్నాను.

సెప్టెంబరు 7

ఆచారం గురించి రాయమన్నారు. పలక మీద పద్ధతిగా రాస్తాను. ముందు కడుపులో ఉన్నది ఇక్కడ రాసుకుంటాను.

ప్రతి ఏడూ మొదటి వంద గుడ్లు సముద్రం అవతలి ద్వీపంలో పాత రాజుగారి ఇంటికి పంపాలి. అవి చేరేదాకా ఊళ్లో ఎవరూ తీరంలో పార వెయ్యకూడదు, గుడ్డు నోట పెట్టకూడదు. పడవ వెళ్లి తిరిగి వచ్చాక ఎవరైనా తవ్వుకోవచ్చు, ఎంతైనా తినవచ్చు. రాజు లేడు. రాజ్యం పోయి తాతల కాలమైంది. ఆ ఇంట్లో ఒక ముసలాయన చాపలు దులుపుకుంటూ కూచుంటాడట. ఆయనకు మేం గుడ్లు పంపాలి!

కాలం మొదలయ్యాక రెండో అమావాస్య లోపు వంద నిండకపోతే ఆ ఏడు పంపకం లేనట్టే. పోగుచేసినవి మళ్లీ ఇసుకలో పెట్టేస్తారు. ఊరి నోటికి మాత్రం తాళం అలాగే ఉండిపోతుంది. పదకొండేళ్లుగా వంద నిండలేదు. పదకొండేళ్లు! నాకు ఆ రుచే గుర్తులేదు.

గుడ్లు తీసేది ఒక్క మనిషి. మా పెద్దమ్మ జైతున్. అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది. తీసిన గుడ్లను ఊరి పెద్దింట్లో ఇసుక తొట్టెలో పెడుతుంది. ఆమె చెప్పిన అంకెకు ఊళ్లో ఎదురు లేదు.

ఎందుకు ఎదురు లేదు? నా దగ్గరున్న కరపత్రంలో ఒక వాక్యం కింద నాలుగుసార్లు గీత గీశాను: లెక్కా తాళమూ ఒక్కరి చేతిలోనే ఉన్న చోట దోపిడీ ఉంటుంది. తిరిగి పెట్టేశామంటున్న గుడ్లు నిజంగా ఇసుకలోకే వెళుతున్నాయా? మా ఇంటి వెనక వెదురు కంచె కట్టిన జాగా ఉంది. ఏటా అమావాస్య దాటాక పెద్దమ్మ గంపలు అందులోకి పోతాయి. నన్ను ఎప్పుడూ రానివ్వలేదు.

నా అనుమానం పెద్దమ్మ మీద కాదు. పద్ధతి మీద.

సెప్టెంబరు 12

చూశాను.

పలక కోసమని చెప్పి నాలుగు రోజులు బతిమాలాను. "వస్తే రా. నోరు తెరిచావంటే ఇసుక కుక్కుతా" అంది పెద్దమ్మ. తెల్లారేసరికి తీరం అంచున ముళ్లపొదల వెనక కూచోబెట్టింది.

ముందు అడవి వైపు నుంచి చప్పుడు. బొంగురు గొంతుతో ఎవరో మూలుగుతున్నట్టు. తర్వాత రెండు పక్షులు నడుచుకుంటూ వచ్చాయి. ఎగిరి కాదు, సంతకు వెళ్లే మొగుడూ పెళ్లాంలా నడిచి. వీపు నలుపు, పొట్ట కింద లేత గులాబీ, మొహం పసుపు, నెత్తిన ఆ బొడిపె. తురాయి లేదు! (ఇది అస్రుల్ గారికి చెప్పాలి.)

తవ్వడం మొదలుపెట్టాయి. ఒకటి తవ్వుతుంటే ఒకటి కాపలా. మళ్లీ వంతు మార్చుకోవడం. ఇసుక వెనక్కు వానలా ఎగురుతోంది. ఎంతసేపు? నా కాళ్లు రెండుసార్లు తిమ్మిరెక్కాయి. గుంటలో ఆ పక్షి పూర్తిగా మునిగిపోయింది, ఇసుక మాత్రమే పైకి వస్తోంది. తర్వాత గుడ్డు పెట్టి ఉంటుంది, నాకు కనబడలేదు. మళ్లీ పూడ్చాయి. ఇక వెళ్లిపోతాయనుకున్నాను. వెళ్లలేదు! పక్కన ఇంకో గుంట తవ్వాయి, అందులో ఏమీ పెట్టలేదు. దాని పక్కన ఇంకోటి. ఒట్టి గుంటలు! దొంగలను దారి తప్పించడానికి. కోడంత పక్షికి ఈ కుట్ర ఎవరు నేర్పారు?

అవి వెళ్లాక పెద్దమ్మ చెప్పులు విప్పింది. గుంటల మధ్య మెల్లగా నడుస్తూ మడమతో ఒత్తి చూసింది. మూడింటిని దాటిపోయింది. నాలుగో చోట ఆగింది.

"ఎలా తెలిసింది?"

"ఒట్టి గుంటను అవి ఊరికే తవ్వుతాయి. గుడ్డున్న గుంటను తొక్కి పూడుస్తాయి. మడమకు తెలుస్తుంది."

భుజం దాకా చెయ్యి పోనిచ్చి తీసింది. గుడ్డు పట్టుకోవడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చింది. వేడిగా ఉంది. కోడిగుడ్లు ఐదు కలిపినంత ఉంటుంది. ఇంత గుడ్డు ఆ పక్షి పొట్టలో ఎలా పట్టింది? అంత లోతులో పొదిగేవాళ్లు లేకుండా పిల్ల ఎలా అవుతుంది? అయ్యాక పైకి ఎలా వస్తుంది? వచ్చాక అమ్మ లేదని తెలుస్తుందా దానికి?

పెద్దమ్మ గుడ్డు లాక్కుంది. "మొన కిందికి పట్టుకోరా. తలకిందులు చేస్తే లోపల పిల్ల చచ్చూరుకుంటుంది."

ఇవాళ మూడు తీసింది. నేను చూశాను. మూడు.

సెప్టెంబరు 13

నాలుగు.

సెప్టెంబరు 14

మూడు. పొదల వెనక కూచోవడానికి పెద్దమ్మ అడ్డు చెప్పలేదు. పలక కోసమేనని నమ్మింది. పలక కోసమే కదా.

సెప్టెంబరు 24

పెద్దింట్లో లాబానీ తాత అడిగితే పెద్దమ్మ "యాభై నాలుగు" అంది. ఆయన ఊరి పెద్ద, ఆచారమంతా ఆయన చేతుల మీదుగా నడుస్తుంది. తల ఊపాడు.

నేను చూడటం మొదలుపెట్టకముందు తొట్టెలో ముప్పై ఉన్నాయని ఆమే చెప్పింది. ఆ తర్వాత గుడ్డుకో గీత చొప్పున నేను గీసుకున్న గీతల ప్రకారం నలభై ఒకటి. కూడితే యాభై నాలుగు ఎలా అవుతుంది?

అక్టోబరు 1

మధ్యాహ్నం ప్రార్థనకు లాబానీ తాత మసీదుకు వెళ్లాడు. పెద్దమ్మ ఇంట్లో ఉంది. పెద్దింటి తలుపుకు తాళం ఉండదు, ఎవరూ లోపలికి రారని వాళ్ల నమ్మకం.

తొట్టె మూత తీశాను. ఇసుక తవ్వి ఒక్కొక్కటే బయట పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను.

నూట పన్నెండు.

ఇవాళ పొద్దున అడిగితే ఆమె చెప్పింది తొంభై ఒకటి.

మా పెద్దమ్మ. నాకు అన్నం పెట్టే చెయ్యి. కానీ నిజానికి చుట్టరికం ఉండదు. ఊరి నోటికాడి గుడ్లు పదకొండేళ్లుగా ఆ కంచె వెనక ఎవరు తింటున్నారు? పెద్దింటివాళ్లా? అందరూ కలిసా?

అక్టోబరు 2

ఈ పేజీ చాలా ఏళ్ల తర్వాత నేను చదువుకున్నప్పుడు గర్వపడాలి.

లెక్క చెప్పే సభ. ఊరంతా వచ్చింది. అస్రుల్ గారు కూడా వచ్చి మొదటి వరసలో కూచున్నారు. పెద్దమ్మ పీట మీద నుంచి లేచి, "తొంభై ఒకటి. నాలుగు రోజుల్లో అమావాస్య. నిండవు" అంది. ఊరు నిట్టూర్చింది.

లేచాను.

"అబద్ధం! తొట్టెలో నూట పన్నెండు ఉన్నాయి. నా చేత్తో లెక్కపెట్టాను. పదకొండేళ్లుగా మిమ్మల్ని మోసం చేస్తున్నారు. పంపేవైతే పంపండి, లేదా ఈ రాచరికపు ఆచారాన్నే ఎత్తేయండి!"

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. డార్విస్ ఒక్కడే, "కూచోరా, కూచో" అంటూ నా చొక్కా లాగుతున్నాడు. తొట్టె తెమ్మన్నారు. నలుగురు మోసుకొచ్చారు. అందరి ముందూ ఒక్కొక్కటే తీశారు. నూట ఇరవై దాకా పోతాయేమోనని కూడా అనిపించింది నాకు, కానీ నేను చెప్పిన అంకె దగ్గరే ఆగాయి.

అస్రుల్ గారు చప్పట్లు కొట్టారు. "పదకొండేళ్ల తర్వాత పంపకం! బొమ్మ ఆవిష్కరణ కూడా అదే రోజు పెట్టుకుందాం. పడవ తిరిగి రాగానే బుపాతి గారు స్వయంగా మొదటి పార వేసి తీరం తెరుస్తారు. తమ్ముడూ, పలక మీద ఇదంతా రాయి!"

లాబానీ తాత నన్నే చూస్తూ అన్నాడు. "నిండిందన్నవాడే మొయ్యాలి. అక్కడ అంకె చెప్పేదీ వాడే. గంప ఈ జుఫ్రిది."

జనం భుజాలు తట్టారు. పెద్దమ్మ పీట ఎత్తి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు 3

పెద్దమ్మ అన్నం పెట్టింది. చేప పులుసు. మాట్లాడలేదు.

నేనూ మాట్లాడలేదు. తప్పు చేసినవాళ్లే ముందు మాట్లాడాలి.

అక్టోబరు 4

ఊళ్లో పారలకు పదును పెడుతున్నారు. కమ్మరి కొలిమి దగ్గర వరస. మా పినతండ్రి కొడుకులు తీరాన్ని కాళ్లతో కొలిచి కర్రలు పాతుకుంటున్నారు, ఇది మాది అది మీదని. పలూ నుంచి ఎవరో వచ్చి గుడ్డుకు ఇంతని ముందే బేరం చేసి పోయాడట.

ఇదే కదా నేను కోరింది. ప్రజల తీరం ప్రజలకు.

కంచె లోపల రుజువు కోసం వెళ్లాను. గుడ్ల పెంకులు గుట్టలుగా ఉంటాయనుకున్నాను. పదకొండేళ్లు తిన్నవాళ్లు పెంకులు ఎక్కడ పారేస్తారు?

పెంకులు లేవు. పొయ్యి లేదు, మసి లేదు. ఇసుక. తీరం నుంచి మోసి తెచ్చి పోసిన ఇసుక. అందులో వరసగా పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఒక్కో పుల్ల పక్కన చిన్న గుంట, లోపలి నుంచి పైకి తవ్వినట్టు.

ఏమీ అర్థం కాక అక్కడే చతికిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. ఒక పుల్ల దగ్గర ఇసుక కదిలింది. పాము అనుకుని వెనక్కు జరిగాను. ఇసుక మళ్లీ కదిలింది, ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత నల్లటి ముక్కు. తల. ఒళ్లంతా ఇసుకతో, కళ్లు సగం తెరుచుకుని, అలిసిపోయిన మనిషిలా పడుకుని రొప్పుతోంది. ఎవరూ లేరు దానికి. తినిపించడానికి, దారి చూపడానికి. నన్ను చూసింది. అమ్మ అనుకుందేమో, అనుకోలేదేమో. రెక్కలు దులుపుకుని ఎగిరింది! పుట్టిన గంటలో! కంచె దాటి, కొబ్బరిచెట్ల మీదుగా అడవిలోకి.

పుస్తకంలో ఈ సంగతి ఒక వాక్యంలో ఉంది. చదివి దాటిపోయాను.

పెద్దమ్మ కంచె దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"జులైలో పెట్టిన గుడ్డు అది. లెక్క మొదలుకాకముందే, అలలు తాకే చోట పెట్టింది పిచ్చి ముండ. తెచ్చి ఇక్కడ పెట్టాను" అంది. అడవి వైపు చూస్తూ, "తొట్టెలో కొన్ని గుడ్లు మొన పైకి తిరిగి ఉన్నాయి. సభకు ముందు రోజే చూశాను. నీ చెయ్యేనని తెలిసింది" అంది.

"తెలిసీ తొంభై ఒకటి అన్నావా?"

"నువ్వు లేవకుండా కూచుంటావనుకున్నా."

అక్టోబరు 4, మళ్లీ

లాబానీ తాత దగ్గరకు పరిగెత్తాను. పెద్దింటి అరుగు మీద తాడు పేనుకుంటున్నాడు.

"తాతా, పదకొండేళ్ల కింద పంపకం అయ్యాక ఏమైంది?"

"ఏమవుతుంది? ఊరు తవ్వింది. పన్నెండు రోజులు. మీ నాన్న కూడా తవ్వాడు, నేనూ తవ్వాను. మరుసటేడు తీరానికి ఎన్ని జంటలొచ్చాయో తెలుసా? పద్నాలుగు. అంతకు ముందు లెక్కపెట్టేవాళ్లు కాదు, అన్ని వచ్చేవి. ఆ ఏడు నుంచి జైతున్ చెప్పే అంకె వంద దాటలేదు."

"నీకు తెలుసా?"

"నాకేం తెలుసు? నేనేనాడైనా తొట్టె తెరిచానా?" తాడు పంటితో కొరికి తెంపాడు. "తెరిచినవాడివి నువ్వు."

"మరి ఊరికి చెప్పొచ్చు కదా, వద్దు తవ్వకండని!"

"చెబితే నువ్వు వినేవాడివా?"

నేనైతే కరపత్రం వేసేవాణ్ణి.

అక్టోబరు 5

జిల్లా ఆఫీసుకు వెళ్లి వచ్చాను. బస్సులో నాలుగు గంటలు. అస్రుల్ గారు మర్యాదగా కాఫీ ఇప్పించారు.

"సార్, ఈ పక్షికి చట్టం రక్షణ ఉంది. గుడ్డు తవ్వితే నేరం. తీరం తెరవద్దని ఉత్తర్వు ఇవ్వండి."

"చట్టం ఉంది తమ్ముడూ. ఆచారం కూడా ఉంది కదా. పంపాక తవ్వుకోవచ్చన్నది మీ ఆచారమే. ఆచారాన్ని గౌరవించాలని పై నుంచి ఆదేశం. ఒకటి రెండు రోజుల పండుగ, అంతే. బుపాతి గారి పారకు రిబ్బను కూడా కట్టించాం."

"ఆ పక్షి మీ జెండా మీద ఉంది సార్. మీరేసుకున్న చొక్కా మీద ఉంది!"

ఆయన తన చొక్కా చూసుకున్నారు. బాతిక్ అద్దకపు బట్ట మీద వరసగా చిన్న చిన్న మలేయోలు. వాటికి తురాయి లేదు, బొడిపే ఉంది. "ఈసారి సరిగ్గా వేశారు, చూశావా?" అని సంతోషంగా అన్నారు.

పలక రాత తెచ్చావా అని అడిగారు. లేదన్నాను. ఉద్యోగం గురించి ఆయనే ఎత్తారు, వచ్చే నెల ఖాళీ ఉందట. నేను వద్దనలేదు. వద్దనలేదని ఇక్కడ రాయాలి.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ తాటాకులు చీలుస్తోంది. ఇద్దరం కూచుని గుడ్లు చుట్టాం. ఒక్కో గుడ్డుకు ఒక్కో ఆకు. మొన కిందికి. వంద చుట్టి గంపలో పేర్చాం. మిగిలినవి తొట్టెలోనే ఉంచింది.

"పెద్దమ్మా, ఇప్పుడేం చేద్దాం?"

"నన్నడుగుతావేంరా? లెక్క ఇప్పుడు నీది."

అక్టోబరు 7

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న రాయడానికి చెయ్యి రాలేదు.

డార్విస్ పడవ. అమావాస్య పోటు. ముందు లాబానీ తాత, మధ్యలో గంప, గంప పక్కన నేను, వెనక కెమెరాతో అస్రుల్ గారు. రేవు నిండా జనం, కొందరి చేతుల్లో అప్పుడే పారలు. సగం దూరం వెళ్లాక డార్విస్ ఇంజను హోరులోంచి నా చెవిలో అరిచాడు. "ఏరా కరపత్రం, మొహం అలా పెట్టావు? పదకొండేళ్లకు ఊరికి పండుగ తెచ్చావు. మా అమ్మ నూనె కొని పెట్టుకుంది."

లాబానీ తాత అలల వైపు చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. "అక్కడ వాళ్లు లెక్కపెట్టరు. ఇంటికొచ్చినవాడు తెచ్చినదాన్ని లెక్కపెట్టడం ఆ ఇంట్లో తప్పు. మోసినవాడి నోట వచ్చిందే లెక్క."

ఇంతకుముందైతే ఈ నియమం విని నవ్వేవాణ్ణి. రాజులను ఎంత తేలిగ్గా మోసం చెయ్యవచ్చో అని.

ద్వీపం రేవులో డప్పులు. పాత రాజుగారి ఇల్లు చిన్నది, రేకుల కప్పు. చాప మీద ముసలాయన కూచుని ఉన్నాడు. కోటు వేసుకున్నాడు, గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు కాబోలు. చుట్టూ ఆ ఇంటివాళ్లు, పిల్లలు. గంప ఆయన ముందు పెట్టి మోకాళ్ల మీద కూచున్నాను.

"తొలిబా నుంచి ఎన్ని తెచ్చావు నాయనా?"

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. అస్రుల్ గారు కెమెరా ఎత్తారు. నేను గంప వైపు చూశాను. నేను చుట్టిన ఆకులు. ఏ ఆకు ఎక్కడ పెట్టానో కూడా తెలుసు. జీవితంలో ఒక్కసారీ తెలిసి తెలిసి అబద్ధమాడలేదు. ఆడినవాళ్ల మీద ఎన్ని కాగితాలు రాశాను!

"తొంభై తొమ్మిది."

నా గొంతు నాకే వినబడలేదు. ముసలాయనకు వినబడింది.

"తమ్ముడూ!" అస్రుల్ గారు ముందుకు వచ్చారు. "సరిగ్గా చెప్పు! ఊరందరి ముందూ లెక్కపెట్టాం కదా!"

"తప్పు లెక్కపెట్టాను సార్."

"అందరూ చూశారయ్యా! గంప విప్పండి, ఇప్పుడే తేలుద్దాం."

ముసలాయన చెయ్యి ఎత్తాడు. "ఈ ఇంట్లో గంప విప్పరు." తర్వాత లాబానీ తాత వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తాత నేల చూశాడు. ముసలాయన నా వైపు తిరిగి, గంప అంచును ఒక్కసారి తాకి, మెల్లగా నా వైపు నెట్టాడు. "ఒకటి తక్కువైంది. తిరిగి ఇసుకకు ఇవ్వండి. నేను ఉంటే, వచ్చే ఏడు చూద్దాం."

ఆయన ఉండకపోవచ్చు. ఆ మాట దారి పొడుగునా నా పక్కనే కూచుంది.

రేవులో బుపాతి గారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. సంగతి వినగానే వాచీ చూసుకుని, రిబ్బను పారను ఎవరికో ఇచ్చి కారెక్కారు. తర్వాత ఊరు నా మీద పడింది. మా పినతండ్రి కొడుకు ఇసుక గుప్పిట్లో తీసుకుని మొహాన కొట్టాడు. "సభలో అంత అరిచి ఇప్పుడు తప్పు లెక్కా? నీకు వంద దాకా రాదా?" ఎవరో, "వీడు జిల్లా ఆఫీసుకు గుడ్లు అమ్ముకున్నాడు" అన్నారు. వాటికి జవాబు చెప్పగలను. డార్విస్ వాళ్లమ్మ వచ్చి, "ఒక్కటి తిని చూద్దామనుకున్నాను రా, పళ్లుండగా" అని వెళ్లిపోయింది.

పెద్దమ్మను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆమె అంకె తప్పయినా, నా అంకె ఇంకా పెద్ద తప్పు కదా!

అక్టోబరు 8

గంప కంచెలోకి మోశాం. మొదటిసారి తలుపు తీసి నన్ను రమ్మంది. మోచేతి దాకా తవ్వి, మొన కిందికి పెట్టి, పూడ్చి, తొక్కి, పుల్ల గుచ్చడం. సాయంత్రానికి నడుము పట్టేసింది. తొట్టెలో మిగిలిన పన్నెండు కూడా పెట్టాం. మొత్తంలో నేను తలకిందులు చేసినవి ఏవో నాకు తెలియదు. ఆమె పెట్టేముందు ఒక్కొక్కటే తడిమి ఐదింటిని పక్కన పెట్టింది.

"ఇవి?"

"ఇవి రావు."

పెద్దమ్మ వాటిని వేరే గుంటలో, వేరే చోట పాతింది. పుల్ల గుచ్చలేదు.

ఇంటికొచ్చాక అంది. "వచ్చే ఏడు మడమతో చూడటం నేర్పిస్తా. నా మోకాళ్లు అయిపోయాయి."

"లెక్క?"

"అది నేర్చుకున్నావుగా."

అక్టోబరు 19

అస్రుల్ గారి నుంచి ఉత్తరం. ఉద్యోగం ప్రస్తావన లేదు. పలక మాత్రం కావాలట, ఆవిష్కరణ వచ్చే ఏడాదికి వాయిదా వేశారట. చివర ఒక వాక్యం: "రికార్డు కోసం అడుగుతున్నాను, తమ్ముడూ, మనిద్దరి మధ్యే. ఆ రోజు గంపలో నిజంగా ఎన్ని?"

జవాబు రాశాను. పక్షి రెక్కల రంగు, పొట్ట రంగు, తురాయి లేకపోవడం, ఒట్టి గుంటలు, పిల్ల పుట్టిన గంటలోనే ఎగరడం, అన్నీ రాశాను. మూడు పేజీలు. ఆయన అడిగిన అంకె దగ్గర, ద్వీపంలో చెప్పిందే మళ్లీ రాశాను.

తర్వాత ఈ డైరీ తీశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. పెద్దమ్మకు చదువు రాదు, డార్విస్‌కు ఓపిక లేదు. ఇక్కడైనా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలని కలం పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకునే కూచున్నాను.

గంపలో తొంభై తొమ్మిది ఉన్నాయి.